గంట గుర్తు నొక్కి పద్నాలుగు నెలలు

ఏ సినిమా ఏ ఓటీటీల ఉందో వెతికిపెట్టే ఈ యాప్‌ను నేను వాడబట్టి నాలుగేండ్లయింది. మిగతావన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పేది దాంట్లున్న గంట గుర్తు గురించి. సినిమా పేరు కాడ దాన్ని నొక్కిపెడితే, ఆ సినిమా ఏదన్న ఓటీటీలకు వచ్చినప్పుడు ఫోన్‌కు కబురొస్తది. నాకైతే అది ప్రాణం.

2006ల సోఫీ ఫియెన్స్ తీసిన 'ద పర్వర్ట్స్ గైడ్ టు సినిమా' అనే డాక్యుమెంటరీ కోసం మస్తు తిరిగిన. స్లొవేనియా తత్వవేత్త స్లావోయ్ జిజెక్ పాత సినిమాలు తీసిన జాగలల్ల, అచ్చం వాటి లెక్కనే వేసిన సెట్లల్ల ఉండి వాటి గురించి మాట్లాడుతడు. నల్లగొండల ఇసొంటివి ఎవరు వేస్తరు? హైదరాబాద్‌ల లామకాన్ అనే సాంస్కృతిక వేదిక కాడ ఏదన్న డాక్యుమెంటరీ పడ్డా, పోను వంద కిలోమీటర్లు.

యాప్‌ల పేరు కొడితే ఒక ఓటీటీల ఉన్నదని చూపెట్టింది. నెల చందా కట్టిన. లోపలికి పోతే సినిమా లేదు. డైరెక్టర్ పేరుతోని వెతికినా లేదు. కస్టమర్ కేర్‌కు రాస్తే రెండు రోజులకు జవాబొచ్చింది: హక్కుల గడువు అయిపోయిందట. హక్కులు దేశానికింత అని, కొన్ని రోజులకే అమ్ముతరు. గడువు తీరంగనే ఓటీటీవాళ్లు తీసేస్తరు, యాప్ల లిస్టు మాత్రం పాతదే ఉంటది. పైసలు వాపసు రాలే. ఆ కోపంల గంట గుర్తు నొక్కి ఇడిసిపెట్టిన.

పద్నాలుగు నెలలకు, ఒక రాత్రి అన్నం తింటుంటే ఫోన్ మోగింది. ఇంకోతాన అద్దెకు వచ్చిందట! ఈసారి ముందుగాల ఆ ఓటీటీలనే వెతికి, ఉన్నదని చూసుకున్నంకనే పైసలు కట్టిన. తమ్ముణ్ని పిలిచిన. రెండున్నర గంటలు కదలలేదు ఇద్దరం. హిచ్‌కాక్ 'సైకో'ల ఇంటి మూడంతస్తులు మనసుల మూడు పొరలంటడు జిజెక్: పైన గద్దించే పెద్దరికం, నడుమ లోకానికి కనపడే మనిషి, కింద నేలమాళిగల కోరికలు. కొడుకు తల్లిని పైనుంచి కిందికి మోసుకపోయే సీన్ మల్ల మల్ల పెట్టుకొని చూసినం. "అన్నా, 'సైకో' ఐదారుసార్లు చూసిన, ఇల్లు చూడనే లేదు గదా" అన్నడు తమ్ముడు.

గంట గుర్తును ఇంత పొగుడుతున్న గని, సబ్‌టైటిల్స్ ఉన్నయో లేవో అది చెప్పదు. మాకు దొరికినదాంట్ల లేవు. జిజెక్ ఇంగ్లిష్ యాస నాకు సగమే అందింది. మొదలుపెట్టినంక 48 గంటలే టైం, అందుకే తెల్లారి మల్ల మొదటినుంచి చూసిన. దొరకడానికి పట్టిన పద్నాలుగు నెలలు కూడా తక్కువేం కాదు.

కొత్త తెలుగు సినిమాలకు నాకైతే ఈ యాప్ అవసరం పడలే. ఇంట్ల ఫైబర్ నెట్ ఉంది, రాత్రిళ్లు తీరిక ఉంది కాబట్టి నాకు నడిచింది. ఫలానా తారీఖుకు చూడాల్సిందే అనేటోళ్లకు పనికొస్తదని చెప్పలేను. సోఫీ ఫియెన్స్, జిజెక్ ఇద్దరే 2012ల చేసిన 'ద పర్వర్ట్స్ గైడ్ టు ఐడియాలజీ' మీద గంట నొక్కి ఏడు నెలలయింది. ఇంకా మోగలే.