ఒక మంచి అరబ్బు పాత్ర పెడితే సరిపోతుందా?

హాలీవుడ్‌కి అరబ్బు అంటే చాలాకాలంగా నాలుగు వేషాలే. బాంబు పట్టుకున్నవాడు, చమురు డబ్బుతో విర్రవీగే షేక్, ఎడారిలో కత్తి దూసేవాడు, ముసుగు వెనక నోరు మెదపని ఆడమనిషి. జాక్ షాహీన్ అనే అధ్యాపకుడు తొమ్మిది వందలకు పైగా సినిమాలు జల్లెడ పట్టి 2001లో పుస్తకం వేశారు. అరబ్బులను మామూలు మనుషుల్లా చూపినవి అందులో అతి కొద్ది. ఈ మూసను బద్దలు కొట్టాలనుకున్న దర్శకులూ లేకపోలేదు. వాళ్లు పట్టిన దారుల్లో ఏది పనిచేసిందన్నదే ప్రశ్న.

మొదటి దారి, చెడ్డవాడి పక్కన ఒక మంచివాణ్ని నిలబెట్టడం. 1998లో వచ్చిన ‘ది సీజ్’ ఇందుకు మంచి ఉదాహరణ. న్యూయార్క్‌లో వరుస పేలుళ్లు జరుగుతాయి, బ్రూక్లిన్‌లో సైన్యం దిగుతుంది, అరబ్బు కుర్రాళ్లను స్టేడియంలో కంచెల మధ్య బంధిస్తారు. హీరో డెంజెల్ వాషింగ్టన్ పక్కన ఫ్రాంక్ హద్దాద్ అనే అరబ్ అమెరికన్ ఎఫ్‌బీఐ ఏజెంటు ఉంటాడు. చివరికి అతని కొడుకునీ పట్టుకుపోతారు. దర్శకుడి ఉద్దేశాన్ని శంకించలేం. భయంతో ప్రభుత్వం హక్కులు కాలరాస్తే ఏమవుతుందో గట్టిగానే చెప్పాడు. అయినా విడుదల సమయంలో అరబ్, ముస్లిం అమెరికన్ సంఘాలు నిరసన తెలిపాయి. నా ఓటు కూడా వాళ్లకే. తెరమీద వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం), నమాజు కనిపించగానే పేలుడు రాబోతోందని ప్రేక్షకుడికి అలవాటైపోతుంది. హద్దాద్ ఎంత చక్కగా మాట్లాడినా ఆ అలవాటు పోదు. పైగా అతను అడుగడుగునా తన దేశభక్తిని రుజువు చేసుకోవాలి. పక్కనున్న హీరోకి ఆ టెన్షన్ లేదు.

2005 నాటి ‘కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్’లో క్రైస్తవ క్రూసేడర్లతో పోరాడిన ముస్లిం సుల్తాను సలాదిన్ పాత్ర హుందాగా ఉంటుంది. సిరియా నటుడు ఘసాన్ మసూద్ వేశారు. కింద పడి ఉన్న శిలువను ఎత్తి నిలబెట్టే సన్నివేశం బాగుంటుంది. కానీ పన్నెండో శతాబ్దపు సుల్తానును గౌరవించడానికి ఎవరికీ పెద్దగా ఖర్చవదు. ఇవాళ పక్కింట్లో ఉన్న ముస్లిం సంగతి వేరు.

రెండో దారి కష్టమైనది. ‘ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ 1966 నాటిది, దర్శకుడు ఇటలీవాడైన పొంతెకోర్వో. అల్జీరియాలో ఫ్రెంచ్ పాలన మీద పోరాడిన సాదీ యాసెఫ్ అందులో దాదాపు తన పాత్రనే వేశారు. ఇందులో అరబ్బులు బాంబులు పెడతారు, దాచేదేం లేదు. అయితే దానికి ముందే కస్బా అనే అరబ్బుల పాతపేటలో అర్ధరాత్రి ఇళ్లను పేల్చేయడం, శిథిలాల్లోంచి శవాలను మోసుకురావడం చూస్తాం. ఆ తర్వాతే ముగ్గురు ఆడవాళ్లు ఐరోపావాళ్లలా వేషం మార్చుకుని బయల్దేరతారు. కెఫేలో కూర్చున్న అమ్మాయి చుట్టూ చూస్తుంది. కెమెరా ఐస్‌క్రీమ్ తింటున్న పిల్లాడి మీద ఆగుతుంది. కారణం చూపించారు, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని ఆ పిల్లాడి చావును మాఫీ చేయలేదు. ఇంత నిజాయితీ నాకు ఇంకెక్కడా కనిపించలేదు. ఫ్రాన్స్‌లో కొన్నేళ్లు ఆడనివ్వలేదు. 2003లో ఇరాక్ యుద్ధం నడుస్తుండగా అమెరికా రక్షణ శాఖ కార్యాలయం పెంటగన్‌లో ప్రదర్శించారు. లోపం ఒకటే. అరబ్బు అంటే బాంబు అని ముందే తీర్మానించుకున్నవాడు ఇందులోనూ బాంబునే చూస్తాడు.

మూడోది 2012 నాటి సౌదీ సినిమా ‘వజ్దా’. హైఫా అల్ మన్సూర్ తీశారు. అప్పటికి సౌదీలో సినిమా హాళ్లే లేవు. రియాద్‌లో కొన్ని వీధి సన్నివేశాలను ఆమె వ్యాన్‌లో కూర్చుని వాకీటాకీతో నడిపించాల్సి వచ్చింది. కథ చిన్నది. ఒక పిల్లకి ఆకుపచ్చ సైకిల్ కావాలి, డబ్బుల కోసం ఖురాన్ పఠన పోటీలో చేరుతుంది. గెలిచాక సైకిల్ కొంటానని నోరు జారుతుంది, హెడ్‌మిస్ట్రెస్ ఆ బహుమతి డబ్బుని పాలస్తీనాకి విరాళమిచ్చేస్తుంది. మతం ఉంది, కట్టుబాట్లు ఉన్నాయి, కొడుకు కోసం రెండో పెళ్లికి సిద్ధపడే తండ్రీ ఉన్నాడు. వేటినీ కప్పిపుచ్చలేదు. కానీ వజ్దా ఎవరికీ తన మంచితనం నిరూపించుకోనక్కర్లేదు. అల్లరి చేస్తుంది, అబద్ధాలాడుతుంది, మన ఇంట్లో పిల్లలాగే సతాయిస్తుంది.

అరబ్బుల గురించి సినిమాల్లో తప్ప తెలియనివాళ్లకి నేను ముందు ‘వజ్దా’నే చూపిస్తాను. అది చూసి కుదుటపడ్డాక ‘అల్జీర్స్’. ‘ది సీజ్’ చూడకపోయినా నష్టం లేదు.

‘వజ్దా’ మీద కూడా నాకొక ఫిర్యాదుంది. అందులో టీచరుగా పనిచేసే వజ్దా తల్లిని బడికి తీసుకెళ్లే డ్రైవర్ ఇక్బాల్ మన ఉపఖండం నుంచి వెళ్లినవాడే. సినిమా పొడుగునా అతను విసుక్కునే మొరటు మనిషిగానే కనిపిస్తాడు. కరీంనగర్ నుంచో కడప నుంచో గల్ఫ్‌కి డ్రైవర్‌గా వెళ్లినవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు కాబట్టి ఇది మనకి ఇట్టే తగులుతుంది. సౌదీ ఆడవాళ్లకి అంత ఓపికగా మనిషి రూపం ఇచ్చిన కెమెరా, వీసా చేతిలో పెట్టుకుని భయంభయంగా బతికే ఆ డ్రైవర్ దగ్గర రెండు నిమిషాలు ఆగలేకపోయింది.