వింకవేన్ చెరువులో డైవింగ్ నేర్చుకోబోయే మనవాళ్ళకు హెచ్చరిక

ఇది నిన్న జరిగిన సంగతి. ఒళ్ళు అక్కడే చల్లబడిపోయింది గానీ కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. ఆమ్‌స్టెల్‌వేన్‌లోని మనవాళ్ళలో సగం మంది చేరిన ఆ స్కూలు ఏదో వేరే చెప్పనక్కరలేదు. నాలుగు డైవుల కోర్సుకు నేనూ 420 యూరోలు ముందే కట్టాను.

ఆమ్‌స్టర్‌డామ్ విస్తరణకు ఇసుక తవ్వుకోగా మిగిలిన ఆ చెరువు కొన్నిచోట్ల దాదాపు 50 మీటర్ల లోతు ఉంటుంది. పైన 15 డిగ్రీలున్న నీరు, రెండో డైవులో 9 మీటర్లు దాటేసరికి 8 డిగ్రీలకు పడిపోయింది. సిలిండరులోని గాలి వ్యాకోచిస్తూ, దాన్ని నోటికి అందించే రెగ్యులేటరును ఇంకా చల్లబరచడంతో, మంచు పట్టిన కవాటం మూసుకోక, గాలి ఆగకుండా నోటి మీదికి ఎగదన్నింది. శిక్షకుడు నన్ను పైకి తెచ్చారు; ఆ మేలు కాదనను.

అయితే గట్టు మీద నేనింకా గజగజ వణుకుతుండగానే ఆయన డైవుల వివరాలు రాసుకునే లాగ్‌బుక్కు చేతికిచ్చి, ‘రెండో డైవు పూర్తయింది, సంతకం పెట్టండి’ అన్నారు. నీటి కింద ఉన్నది 6 నిమిషాలు. అయినా పెట్టాను, గోదావరి ఈదిన మొనగాణ్ణి కదా! ఇంటికొచ్చి చూస్తే, శిక్షణ డైవు లెక్కకు రావాలంటే కనీసం 20 నిమిషాలు నీటిలో ఉండాలని, లేదా 1,400 లీటర్ల గాలి పీల్చాలని డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ (PADI) నిబంధన చెబుతోంది. ఫోను చేసి అడిగితే, ‘మీ సిలిండరు దాదాపు ఖాళీ అయింది కదండీ, 1,400 దాటే ఉంటుంది, పైగా మీ సంతకం ఉంది’ అన్నారు. బుడగలై చెరువులో కలిసిన గాలినంతా నేను పీల్చినట్టు రాసుకున్న ఆ లెక్కల ప్రతిభకు నమస్కరించాలో, మరో డైవుకు 85 యూరోలు అడిగిన ధైర్యానికి నమస్కరించాలో ఇప్పటికీ తేలడం లేదు.

అన్నట్టు, ఆ రెగ్యులేటరు మీద ‘10 డిగ్రీలకు పైన మాత్రమే’ అనే ముద్ర ఉన్న సంగతి నిన్న తీసుకున్న ఫోటోను పెద్దది చేస్తే కనబడింది. తొడుక్కునే ముందే అది చూసుకోండి. సంతకం ఒళ్ళు ఆరాక, నిమిషాలు లెక్క చూసుకున్నాకే పెట్టండి.