472 కిలోహెర్ట్జ్‌కి కట్టుకున్న క్లాస్-డి యాంప్లిఫయర్: మూడేళ్లు వాడాక

హామ్ రేడియోలో 472 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలయ్యే 630 మీటర్ల బ్యాండ్ కోసం నేనే కట్టుకున్న యాంప్లిఫయర్ ఇది, మూడేళ్లుగా దాదాపు రోజూ రాత్రి డబ్ల్యూఎస్‌పీఆర్ (సిగ్నల్ ఎంత దూరం చేరుతుందో చూసే చిన్న డిజిటల్ సందేశాలు) పంపుతోంది. పుష్-పుల్‌లో రెండు ఐఆర్‌ఎఫ్640 మాస్‌ఫెట్‌లు (వంతులవారీగా ఆన్-ఆఫ్ అయ్యే ట్రాన్సిస్టర్ స్విచ్‌లు, క్లాస్-డి అంటే ఇదే), 30 వోల్టుల సప్లై. 100 వాట్ల అవుట్‌పుట్‌కి 112 వాట్లు లాగుతుంది, అంటే 89 శాతం. 60 శాతం ఇచ్చే లీనియర్ (సిగ్నల్ ఆకారాన్ని ఉన్నదున్నట్టు పెంచే యాంప్లిఫయర్) అయితే ఇదే పవర్‌కి 67 వాట్లు వేడిగా పోతాయి, ఇక్కడ పోయేది 12. ఒక్కో ట్రాన్స్‌మిషన్ 110 సెకన్లు ఏకబిగిన నడుస్తుంది కదా, అయినా ఫ్యాన్ లేకుండానే హీట్‌సింక్ గోరువెచ్చగా ఉంటుంది. (ఎస్ఎస్‌బీకి, అంటే మాటలు పంపే పద్ధతికి, మాత్రం పనికిరాదు, ఇది స్విచ్ అంతే.)

దీనికి ముందు క్లాస్-ఈ (ఇదీ స్విచ్ రకమే) వాడాను. ఎఫిషియన్సీ ఇంకాస్త ఎక్కువే, ఒక్క ఫెట్‌తో పని అయిపోయేది. కానీ అందులో డ్రెయిన్ (ఫెట్‌లో సప్లై వచ్చే కాలు) వోల్టేజ్ సప్లైకి 3.56 రెట్ల దాకా ఎగురుతుంది, అది కూడా లోడ్ (అంటే యాంటెనా) సరిగ్గా ఉన్నప్పటి లెక్క. వాన పడి యాంటెనా తడిస్తే దాన్ని ఫ్రీక్వెన్సీకి కుదిర్చే లోడింగ్ కాయిల్ రెజొనెన్స్ పక్కకి తప్పుతుంది, ఇక ఆ లెక్కలేవీ నిలవవు. రెండు ఫెట్‌లు అలాగే పోయాయి. క్లాస్-డిలో డ్రెయిన్ సప్లైకి రెండింతల దగ్గరే ఆగుతుంది కాబట్టి 200 వోల్టుల ఫెట్‌కి బోలెడు మార్జిన్. మిస్‌మ్యాచ్‌లో (లోడ్ కుదరనప్పుడు) వేడెక్కుతుంది, నిజమే, కానీ నాకు ఆపేయడానికి టైమ్ ఇస్తుంది.

అలాగని దీనితో నష్టమే లేదని కాదు. రెండు గేట్లకీ (ఫెట్‌ని ఆన్-ఆఫ్ చేసే కాళ్లు) ఎదురెదురు డ్రైవ్ ఇవ్వడానికి 950 కిలోహెర్ట్జ్‌ని ఫ్లిప్-ఫ్లాప్‌తో రెండుగా భాగిస్తాను. ఒక రాత్రి సిగ్నల్ కేబుల్ ఊడింది. ఫ్లిప్-ఫ్లాప్ ఉన్నచోటే ఆగిపోయింది, ఒక గేటు హై‌లో ఉండిపోయింది, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌కి డీసీ అంటే ఉత్త తీగే కదా, సప్లై మొత్తం ఆ ఫెట్ మీదే పడింది. ఫ్యూజ్ మాత్రం నిక్షేపంగా ఉంది! ఆ తర్వాత డ్రైవ్ ఆగితే రెండు గేట్లూ కిందికి దిగేలా కెపాసిటర్ కప్లింగ్ పెట్టాను, సప్లైకి కరెంట్ లిమిట్ కూడా. ఇది మొదటి రోజే చేయాల్సిన పని.

లో-పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) దగ్గర కూడా పిసినారితనం వద్దు. స్విచ్ నుంచి వచ్చే స్క్వేర్ వేవ్‌లో మూడో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి మూడింతలు) బలంగా ఉంటుంది, 475కి అది 1425 కిలోహెర్ట్జ్, అంటే నేరుగా మీడియం వేవ్ రేడియోలో. మొదట ఫిల్టర్‌లో చవక సిరామిక్ కెపాసిటర్లు వేస్తే రెండు నిమిషాల్లో వేలు పెట్టలేనంత కాలాయి, పవర్ మీటర్ ముల్లు మెల్లగా కిందికి జారింది. పాలీప్రొపిలీన్‌వి వేశాక ఆ ముల్లు కదలలేదు.