కౌలాలంపూర్ నుంచి సింగపూర్: విమానంలో గంటే, కానీ పూటంతా పోయింది

కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కి విమానంలో గంట ప్రయాణమని ఎవర్నడిగినా చెబుతారు. అది నమ్మి మా అత్తయ్యగారిని ఎంత ఇబ్బంది పెట్టానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది. గాల్లో దూరం దాదాపు 300 కిలోమీటర్లు, టికెట్ మీద గంటా పది నిమిషాలు. కానీ మేం హోటల్లో బయల్దేరింది ఉదయం ఏడింటికి, సింగపూర్‌లో గదికి చేరింది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి.

కౌలాలంపూర్ ఎయిర్‌పోర్ట్ ఊళ్లో లేదు, 50 కిలోమీటర్లు దాటి సెపాంగ్‌లో ఉంది. ఊళ్లోని కేఎల్ సెంట్రల్ రైల్వే స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో దింపింది. మనిషికి 55 మలేషియా రింగిట్లు, ముగ్గురికి 165. ముగ్గురుంటే టాక్సీయే నయం.

అసలు బాధ గేటు దగ్గర. చేతిసామాను 7 కేజీలే అని నాకు తెలుసు, ముందురోజు తూచే సర్దాను. కానీ పొద్దున హడావుడిలో అత్తయ్యగారు మందుల డబ్బా, శాలువా తన బ్యాగులోనే పెట్టుకున్నారు. కాటా మీద 8.4 చూపించింది. "డబ్బు కట్టండి, లేదా తీసేయండి" అని గేటు దగ్గరున్న ఎయిర్‌లైన్ అమ్మాయి మా మొహం కూడా చూడకుండా అంది. డెబ్భై ఏళ్ల మనిషి నేలమీద కూర్చుని, జిప్ లాగి, బీపీ మాత్రల అట్టలు ఒక్కొక్కటే తీసి మావారి జేబుల్లో పెడుతుంటే వెనక క్యూ అంతా చూస్తోంది. చివరికి 120 రింగిట్లు కట్టాం. విమానంలో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

సింగపూర్‌లో మూడు రోజులు హాయిగా గడిచాయి.

తిరుగు ప్రయాణం బస్సులో. మనిషికి 32 సింగపూర్ డాలర్లు, కాళ్లు చాపుకునే సీట్లు, బ్యాగు తూచేవాళ్లే లేరు. సింగపూర్ వైపు ఒకసారి, సముద్రం మీది కాజ్‌వే రోడ్డు దాటాక మలేషియా సరిహద్దు ఊరు జోహార్ బారులో ఇంకోసారి దిగి పాస్‌పోర్ట్ చూపించాలి. మలేషియా వైపు సామాను కూడా దింపాలి. దిగేముందు బస్సు నంబర్ ఫోటో తీసుకోండి, అక్కడ అన్నీ ఒకేలాంటి బస్సులు. శుక్రవారం సాయంత్రం మాత్రం ఆ దారి పట్టకండి, ట్రాఫిక్‌లో నలిగిపోతారు. మాకు మంగళవారం మొత్తం ఆరుగంటలే పట్టింది. విమానంకంటే అరగంట తక్కువ!

ఈ రెండు ఊళ్ల మధ్య గంటన్నరలో చేర్చే హైస్పీడ్ రైలుకి 2016లో ఒప్పందం చేసుకున్నారు, 2021 జనవరి 1న అది రద్దయింది. ఆ రైలు వచ్చి ఉంటే పెద్దవాళ్లకి ఎంత సుఖంగా ఉండేదో.

ఇంకొకటి, సింగపూర్‌లో దిగేముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డ్ (మన వివరాలిచ్చే ఫారం) ఉచితం. దానికి డబ్బులడిగే వెబ్‌సైట్ల జోలికి పోకండి. మనకి వీసా విడిగా తీసుకోవాలి.

జోహార్ బారు దాటాక రెండువైపులా పామాయిల్ తోటలే. అత్తయ్యగారు శాలువా కప్పుకుని, కిటికీకి తల ఆనించి, "ఈసారి ఇటే వద్దామమ్మా" అన్నారు.