రాజులు, ప్రవక్తల గోడ చార్టు: మా సండేస్కూల్లో వాడి చూశాక నా రివ్యూ

అందరికీ వందనాలు. బైబిల్లో రాజులు, దినవృత్తాంతములు అనే గ్రంథాలు చదవడం మొదలుపెట్టి, ఈ యరొబాము ఎవరు ఆ యెహోరాము ఎవరు అని తికమకపడి మధ్యలో వదిలేసేవాళ్లు చాలామంది ఉంటారు, ఈ రివ్యూ ముఖ్యంగా వాళ్ల కోసమే. సొలొమోను తర్వాత రాజ్యం రెండుగా చీలింది కదా, ఒకపక్క ఇశ్రాయేలు రాజులు, ఇంకోపక్క యూదా రాజులు, మధ్యలో ఆ కాలంలో మాట్లాడిన ప్రవక్తలు, ఇలా తెలుగులో వేసిన పెద్ద గోడ చార్టు ఇది. సభల దగ్గర పుస్తకాల స్టాల్లో 350కి తీసుకున్నాం. ఫ్లెక్సీ లాంటి మెటీరియల్, చిరగదు, తడిబట్టతో తుడుచుకోవచ్చు, పైనా కిందా కర్రలున్నాయి కాబట్టి చుట్టి పక్కన పెట్టేయొచ్చు.

దీంట్లో అసలు గొప్పతనం ఏంటంటే ఏ ప్రవక్త ఏ రాజు ముందు నిలబడ్డాడో కంటికి కనపడిపోద్ది. మన బైబిల్లో ప్రవక్తల పుస్తకాలు రాజుల చరిత్రకి ఎక్కడో దూరంగా ఉంటాయి కదా, అందుకే ఆమోసు మాటలు ఎవరికి చెప్పాడో తెలీకుండానే చదివేస్తాం. చార్టులో చూస్తే ఇశ్రాయేలు రాజు రెండవ యరొబాము ఎదురుగా ఆమోసు. అంటే దేశం బాగా కలిసొచ్చి, సరిహద్దులు పెరిగి, ధనవంతులు దంతపు మంచాల మీద పడుకున్న రోజుల్లో, బీదవాణ్ణి చెప్పుల జోడు కోసం అమ్మేస్తున్నారు అని ఒక పశువుల కాపరి యూదాలోని తెకోవ నుంచి వెళ్లి ఇశ్రాయేలువాళ్ల ఆరాధన స్థలమైన బేతేలులో నిలబడి చెప్పాడన్నమాట. కొంచెం కిందకి చూస్తే క్రీ.పూ. 722, ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను (సమరయ) అష్షూరు చేతిలో పడిపోయింది. మా యూత్ పిల్లలు అది చూసి, మరి బేతేల్లో ఆరాధన బాగానే జరుగుతోంది కదా, అయినా ఎందుకు పడిపోయింది అని వాళ్లే అడిగారు, ఆ ఒక్క ప్రశ్న మీద ఆ రోజు క్లాసంతా నడిచింది.

నాకు బాగా పట్టుకున్నది మాత్రం చివరి భాగం, యూదా రాజు యోషీయా, ఆయన కింద కొడుకు యెహోయాకీము. దేవాలయంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికితే రాజు దగ్గర లేఖికుడైన షాఫాను దాన్ని తెచ్చి యోషీయా ముందు చదివాడు, రాజు వినగానే బట్టలు చింపుకున్నాడు. అదే కొడుకు దగ్గరికి వచ్చేసరికి, చలికాలం, రాజు కుంపటి ముందు కూర్చునున్నాడు, యిర్మీయా ప్రవక్త చెప్పి తన లేఖికుడు బారూకుతో రాయించిన గ్రంథం చదువుతుంటే మూడు నాలుగు పుటలు అవ్వగానే కత్తితో కోసి నిప్పుల్లో పడేస్తున్నాడు, అలా మొత్తం కాల్చేశాడు. ఎవ్వరూ బట్టలు చింపుకోలేదు అని యిర్మీయా 36లో ప్రత్యేకంగా రాసుంది. తగలబెట్టొద్దు అని బతిమాలినవాళ్లలో గెమర్యా ఉన్నాడు, ఆయన ఎవరనుకున్నారు, షాఫాను కొడుకు! తండ్రి ఒక రాజుకి వాక్యం చదివి వినిపించాడు, కొడుకు ఇంకో రాజు చేతిలోంచి వాక్యాన్ని కాపాడాలని చూశాడు. రెండింటికీ మధ్య ఇరవై ఏళ్లు కూడా లేవు. ఆ ఇంట్లో తండ్రి భక్తి పిల్లలకి వచ్చింది, రాజు ఇంట్లో రాలేదు. నేను ముగ్గురు పిల్లల తల్లిని, ఆ రెండు పేర్లు పైనా కిందా చూసినప్పుడల్లా ఈ ఆలోచన నన్ను వదలదు.

ఇంకోటి చెప్పాలి. కొత్త సంవత్సరం ఆరాధనలో మనందరం వాగ్దానం కార్డు తీసుకుంటాం, ఎక్కువమందికి వచ్చేది యిర్మీయా 29:11, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు". చార్టులో అది యూదా చివరి రాజు సిద్కియా కాలం దగ్గర ఉంటుంది. బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్లకి రాసిన ఉత్తరం అది, దాన్ని తీసుకెళ్లినవాళ్లలో ఒకరు షాఫాను ఇంకో కొడుకు. అప్పుడే హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని చెప్పి జనాన్ని సంతోషపెడుతున్నాడు, యిర్మీయా ఏమో 70 ఏళ్లు అన్నాడు, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అన్నాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ యెరూషలేము చూడనేలేదు. ఇది తెలిసి చదివితే ఆ వాగ్దానం బరువు తగ్గదు, ఇంకా పెరుగుద్ది, కానీ ఈ ఏడాదే నీ ఉద్యోగం నీ ఇల్లు వచ్చేస్తాయి అని దాన్ని ప్రకటించడం సరికాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక లోపాలు. మంచి రాజులకి ఆకుపచ్చ, చెడ్డ రాజులకి ఎరుపు వేశారు, పిల్లలకి తేలిగ్గానే ఉంటుంది గానీ లేఖనం అంత తేలిగ్గా తీర్పు ఇవ్వలేదు. ఆసాకి ఆకుపచ్చ వేశారు, ఆయన చివర్లో తనని గద్దించిన దీర్ఘదర్శిని బందీగృహంలో వేయించాడు. ఉజ్జియా బలపడ్డాక గర్వించి ధూపం వేయబోయి కుష్ఠరోగి అయ్యాడు. మనష్షేకి పూర్తిగా ఎరుపే, కానీ 2 దినవృత్తాంతములు 33లో ఆయన సంకెళ్లలో ఉండి తన్ను తాను తగ్గించుకుని మొరపెడితే దేవుడు విన్నాడు. సగం సగం రంగు వేసినా సరిపోయేది. మేము మార్కర్ తో సరిచేసుకున్నాం.

అన్నిటికంటే బాధ, ప్రవక్త్రి హుల్దా పేరు లేదు. గ్రంథం దొరికినప్పుడు యోషీయా మనుషులు ఎవరి దగ్గరికి వెళ్లారు? అప్పటికే యిర్మీయా ప్రవచిస్తున్నాడు, అయినా వెళ్లింది హుల్దా దగ్గరికే. సంఘాల్లో సగానికి పైగా ఆడవాళ్లమే కూర్చుంటాం, ఆమె పేరు వదిలేయడం ఏం బాగోలేదు, స్టాల్ వాళ్లకి కూడా అదే చెప్పాను.

తేదీల్లో ఒకటి రెండేళ్ల తేడా కనిపిస్తే కంగారుపడకండి, యెరూషలేము పతనాన్నే కొందరు 587 అంటారు కొందరు 586 అంటారు. అక్షరాలు చిన్నవి, వెనక వరసలో కూర్చున్నవాళ్లకి కనపడవు, అందుకే పెద్ద హాలుకి వద్దు. ఇంట్లో కుటుంబ ప్రార్థన దగ్గరకి, సండేస్కూల్ గదికి అయితే నిరభ్యంతరంగా కొనండి, ఐదుకి నాలుగు ఇస్తాను. హుల్దాని చేర్చి మళ్లీ ప్రింట్ చేస్తే ఇంకోటి కొంటాను.