కొడుక్కి ఏటీపీ, కూతురికి డబ్ల్యూటీఏ: భరోసా ఎక్కడ ఎక్కువ?

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా ఎదురింటాయన పిల్లలిద్దరూ టెన్నిస్ రాకెట్ పట్టారు. రేపు ప్రొఫెషనల్‌గా మారితే ఎవరికి అండ ఎక్కువని ఆయన బెంగ. ఆశకు అదుపేముంది!

డబ్బు లెక్కలో పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌ను నడిపే సంస్థ ఏటీపీదే పైచేయి. 2024లో మొదలైన బేస్‌లైన్ పథకం మొదటి 100 ర్యాంకుల వారికి ఆ ఏడాదికి 3 లక్షల డాలర్లు, 101–175 వారికి లక్షన్నర, 176–250 వారికి 75 వేల కనీస ఆదాయం ఖాయం చేసింది. ప్రైజ్ మనీ అంతకు తగ్గితే లోటు ఏటీపీ పూడుస్తుంది. అయితే 400వ ర్యాంకు కుర్రాడికి ఈ హామీ వర్తించదు. విమానం టికెట్టు, కోచ్ ఫీజు, చివరికి తెగిన రాకెట్ తీగ కూడా అతని జేబులోంచే. అసలు ఆకలి అక్కడే కదా!

1973లో అమెరికా క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ చొరవతో పుట్టిన మహిళల టెన్నిస్ సంస్థ డబ్ల్యూటీఏ మరో దిక్కున ఆలోచించింది. 2025లో వచ్చిన నిధితో అర్హులైన క్రీడాకారిణులకు 12 నెలల వరకు చెల్లింపుతో ప్రసూతి సెలవు దొరుకుతోంది. నెల జీతమే లేని వృత్తిలో ఇది చిన్న విషయం కాదు. తల్లయ్యాక, సెలవుకు ముందున్న స్థాయిని కాపాడే ప్రత్యేక ర్యాంకింగ్‌తో మళ్లీ బరిలో దిగవచ్చు. నా ఓటు దీనికే.

సీజన్ ఇద్దరికీ జనవరి నుంచి నవంబరు దాకా. ముగింపు టోర్నీని ఏటీపీ 2021 నుంచి ఇటలీలోని ట్యూరిన్‌లో నిలకడగా జరుపుతోంది. డబ్ల్యూటీఏది 2021లో మెక్సికోలోని గ్వాదలహారా, 2022లో అమెరికాలోని ఫోర్ట్‌వర్త్, 2023లో మళ్లీ మెక్సికోలోని కాంకూన్ తిరిగి 2024లో సౌదీలోని రియాద్ చేరింది. వింబుల్డన్ లాంటి గ్రాండ్‌స్లామ్‌లు మాత్రం ఈ రెండింటి చేతిలోనూ లేవు.