గోల్ఫ్ టవల్ మూలన ఆ రింగు ఎవరి కోసం?

గోల్ఫ్ టవళ్లు హోల్‌సేల్‌గా తెప్పించాలని ఎవరడిగినా జీఎస్‌ఎం (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) ఎంత, సైజు ఎంత, లోగో కుట్టించాలా ప్రింట్ వేయించాలా అన్న చర్చే నడుస్తుంది. అవన్నీ క్యాటలాగ్‌లో ఉంటాయి, చదువుకుంటే సరిపోతుంది. నా గొడవంతా ఐలెట్ మీద. అంటే బ్యాగుకి హుక్కుతో తగిలించుకోవడానికి టవల్ మూలన బిగించే లోహపు రింగు. టవల్ ధరలో దాని వాటా లెక్కకి కూడా రాదు. కానీ మా లినెన్ రూమ్‌ని అది ఏడిపించినంతగా ఇంకే వస్తువూ ఏడిపించలేదు.

హైదరాబాద్ శివార్లలో గోల్ఫ్ కోర్సు ఉన్న ఒక రిసార్ట్‌లో లినెన్ చూసుకునే ఉద్యోగం నాది. బెడ్‌షీట్లు, పూల్ టవళ్లు, బ్యాంక్వెట్ న్యాప్‌కిన్లతో పాటు గోల్ఫ్ టవళ్లూ నా పద్దులోనే ఉంటాయి. ఉతుకు మా సొంత లాండ్రీలో. నేను చెప్పబోయేదంతా రోజూ మెషిన్‌లో పడి తిరిగే టవల్ గురించి. టోర్నమెంట్‌లో ఇచ్చినదాన్ని బ్యాగుకి తగిలించుకుని, గుర్తొచ్చినప్పుడు ఇంట్లో ఉతుక్కునేవాళ్లకి ఈ బాధలేవీ ఉండకపోవచ్చు.

మేం తీసుకున్నవి షోలాపూర్ సరుకు. తెల్ల టెర్రీ (మామూలు టవల్‌లా కుచ్చులున్న బట్ట), 16x24 అంగుళాలు, 400 జీఎస్‌ఎం. ఆ సైజుకి ఆ జీఎస్‌ఎం నిజమైతే ఒక్కో టవల్ దాదాపు 100 గ్రాములు తూగాలి. కిచెన్ స్టోర్ తక్కెడ మీద పది కలిపి తూచాం, కిలో దగ్గర్లోనే తేలింది. షోలాపూర్‌తో ఇంకో సుఖం ఏంటంటే, అక్కడి మగ్గాల దగ్గర తెలంగాణ నుంచి తరాల కిందట వెళ్లి స్థిరపడ్డ పద్మశాలీలు చాలామంది ఉన్నారు. మా సప్లయరూ ఆ కుటుంబాలవాడే. మరాఠీ యాస కలిసిన తెలుగులో బేరమాడతాడు. కోపం వస్తే తెలుగులోనే తిట్టుకోవచ్చు, ఆ అవసరం తర్వాత వచ్చింది కూడా.

బట్ట గురించి నాకు ఫిర్యాదు లేదు. కొత్తలో నీళ్లు సరిగ్గా పీల్చవు. మెత్తగా కనిపించాలని మిల్లులో వేసే ఫినిషింగ్ పోయేదాకా ఏ టవలైనా అంతే. రెండు మూడు ఉతుకుల తర్వాత బకెట్ నీళ్లలో వేస్తే తేలకుండా వెంటనే మునిగాయి. అప్పటి నుంచి వీటికి ఫాబ్రిక్ సాఫ్టెనర్ వాడొద్దని లాండ్రీకి చెప్పి ఉంచాను. ఒంటికి తగిలే టవల్‌కి మెత్తదనం కావాలి గానీ, బంతిని కొట్టే ఇనప కర్ర, అదే క్లబ్బు, దాని మీద బురద తుడిచేదానికి ఎందుకు? సాఫ్టెనర్ పూత పడితే పీల్చే గుణమూ తగ్గుతుంది.

ఇక రింగు. అది మార్కెటింగ్ వాళ్ల కోరిక. విదేశీ క్లబ్బుల ఫొటోల్లో టవల్ మడత బ్యాగుకి ఠీవిగా వేలాడుతుంటుంది కదా, అలా కావాలన్నారు. మెరిసే ఐలెట్, దానికో స్ప్రింగ్ హుక్కు. వచ్చిన రోజు చూడ్డానికి నిజంగానే బాగున్నాయి.

మాఘమాసం పెళ్లిళ్ల సీజన్‌లో గొడవ బయటపడింది. పైన హాల్లో రిసెప్షన్, కింద కోర్సులో ఒక కంపెనీవాళ్ల టోర్నమెంట్, రెండూ ఒకే రోజు. లాండ్రీలో తెల్లవి తెల్లవాటితో వేయడం మామూలే కాబట్టి ముందు రాత్రి గోల్ఫ్ టవళ్లు, బ్యాంక్వెట్ న్యాప్‌కిన్లు ఒకే లోడ్‌లో పడ్డాయి. ఉతుకు అయ్యాక డ్రైయర్ మొరాయించింది. మెకానిక్ వచ్చేసరికి తెల్లారింది. రాత్రంతా ఆ తడిబట్టలు ట్రాలీలోనే ఒకదాని మీద ఒకటి నొక్కుకుని ఉండిపోయాయి.

పొద్దున బ్యాంక్వెట్ కెప్టెన్ చేతిలో న్యాప్‌కిన్‌తో వచ్చాడు. "మేడమ్, కూర మరక పోలేదు చూడండి" అన్నాడు. నారింజ రంగు మరకలు, ఒక్కో న్యాప్‌కిన్ మీద రెండు మూడు. పసుపు మరకే అనుకుని లాండ్రీవాళ్లు ఇంకో విడత బ్లీచ్ పట్టించారు. మరకలు పోలేదు సరికదా, ఇంకా ముదిరాయి. అప్పుడు మా లాండ్రీ పెద్దాయన ఒక న్యాప్‌కిన్ తీసుకెళ్లి మేడ మీద ఎండలో ఆరేశాడు. మధ్యాహ్నానికి దాన్ని తెచ్చి నా బల్ల మీద పరిచి, "పసుపైతే ఈ ఎండకి వెలిసిపోవాలమ్మా. ఇది కదల్లేదు. ఒకసారి ఆకారం చూడండి" అన్నాడు. చూస్తే గుండ్రంగా ఉంది, మధ్యలో తెలుపు. పక్కనే ఉన్న గోల్ఫ్ టవల్ తీసి దాని రింగు ఆ మరక మీద పెడితే సరిగ్గా సరిపోయింది.

అది తుప్పు. షోలాపూర్‌కి ఫోన్ చేస్తే "ఇత్తడి ఐలెట్ మేడమ్, తుప్పెలా పడుతుంది?" అన్నాడు. ఆఫీసు ఫ్రిజ్ తలుపు మీద ఉన్న అయస్కాంతం తెచ్చి పెట్టాను, టక్కున అంటుకుంది. ఇత్తడైతే అంటుకోదు. అది ఇనప రేకు, పైన ఇత్తడి రంగు పూత. ఆ మాట చెప్పాక అటువైపు కాసేపు మౌనం. ఆ తర్వాత, టవల్ వరకే తమ మగ్గం మీద నేస్తామని, ఐలెట్లు బయట జాబ్ వర్కుకి ఇచ్చి కొట్టిస్తామని ఒప్పుకున్నాడు.

తర్వాత అర్థమైన సంగతి ఏంటంటే, రింగుని మెషిన్ మీద నొక్కి అంచు మడిచేటప్పుడే ఆ పూత చిట్లుతుంది. మడత దగ్గర లోపలి ఇనుము బయటపడుతుంది. వేడినీళ్లు, సోడా, క్లోరిన్, వీటన్నిట్లో రోజూ నానితే తుప్పు పట్టక ఏం చేస్తుంది? బ్లీచ్ పసుపు మీద పనిచేస్తుంది, కాఫీ మీద పనిచేస్తుంది, తుప్పు మీద మాత్రం పనిచేయదు. పైగా ఇనుము ఉన్నచోట బ్లీచ్ తగిలితే నూలు త్వరగా చివుకుతుంది. మా టవళ్లలో రింగు చుట్టూ బట్ట మెత్తబడి, కొన్నాళ్లకి రింగే ఊడి చేతికొచ్చింది. అది ఉండాల్సిన చోట వేలు పట్టే కన్నం మిగిలింది. క్యాడీలు, అంటే ఆటగాళ్ల బ్యాగు మోసేవాళ్లు, గట్టిగా లాగడం వల్ల చిరిగిందని మొదట్లో వాళ్లని అన్నవాళ్లున్నారు. పాపం, వాళ్లు దానికసలు హుక్కే తగిలించలేదు.

న్యాప్‌కిన్లని ఆక్సాలిక్ యాసిడ్‌తో బాగుచేశారు. లాండ్రీల్లో తుప్పు మరకలకి వాడేది అదే. విషపదార్థం కాబట్టి చేతులకి గ్లోవ్స్ ఉండాలి, ఆ తర్వాత నాలుగు నీళ్లు ఎక్కువే జాడించాలి. మరకలు చాలావరకు పోయాయి. కానీ అన్నిసార్లు బ్లీచ్ తిన్న న్యాప్‌కిన్లు ఎంతకాలం నిలుస్తాయి? సూది బెజ్జాల్లాంటివి పడి, వరసగా కండెమ్ లిస్టులోకి, అంటే పనికిరావని తీసేసేవాటిలోకి వెళ్లాయి. ఆ నష్టం బ్యాంక్వెట్ ఖాతాలో పడాలా, గోల్ఫ్ ఖాతాలో పడాలా అని అకౌంట్స్‌లో నడిచిన పంచాయితీ గురించి ఇక్కడ చెప్పను. చివరికి లినెన్ ఖాతాలోనే పడింది.

ఈ తుప్పు పాఠం ఇంకోచోట కూడా పనికొచ్చింది. మా కోర్సులో ఎర్రమట్టి. ఆ ఎరుపు కూడా ఇనుము వల్ల వచ్చేదే, అందుకే బంకర్ల (ఇసుక గుంతల) పక్క మట్టి అంటుకున్న టవళ్లు ఎంత బ్లీచ్ పోసినా గులాబీ రంగులోనే ఉండిపోయేవి. ఇప్పుడు ముందు చన్నీళ్లలో మట్టి దులిపి, మొండివాటికి మాత్రమే ఆ యాసిడ్ మందు పెడుతున్నారు. బ్లీచ్ వాడకం బాగా తగ్గింది.

సప్లయర్ మాట నిలబెట్టుకున్నాడనే చెప్పాలి. రెండో లాట్‌కి నిజమైన ఇత్తడి ఐలెట్లు కొట్టించి పంపాడు. అయస్కాంతం అంటుకోలేదు, తుప్పూ పట్టలేదు. కానీ క్లోరిన్‌కి నల్లబడ్డాయి. డ్రైయర్ డ్రమ్ముకి తగిలి రాత్రి షిఫ్టంతా టకటకమని ఒకటే మోత. వేడి మీద బట్టలు తీసే కుర్రాడికి రింగు చుర్రుమని తగిలేది. పైగా టెర్రీ బట్టకి పైన కుచ్చులే ఎక్కువ, రింగు పట్టుకుని ఉండటానికి కింద నేత అంత గట్టిది కాదు. వెనక ఒక చిన్న అతుకు వేసి దాని మీద కొట్టి ఉంటే నిలిచేదేమో. అలా కొట్టినవి నేనింతవరకు చూడలేదు.

ఇంతకీ ఈ టవల్ వాడేది ఎవరు? మా దగ్గర క్యాడీలు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లే ఎక్కువ. వాళ్లు టవల్‌ని తుండులా భుజాన వేసుకుంటారు. ఒక సగం తడిపి పిండుకుంటారు, ఇంకో సగం పొడిగా ఉంచుకుంటారు. గ్రీన్ (బంతి పడాల్సిన కన్నం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద బంతి ఉన్నచోట గుర్తు పెట్టి ఎత్తి తుడుచుకోవచ్చని రూల్ ఉంది కదా, 18 గ్రీన్ల మీదా ఆ పని ఉంటుంది. బ్యాగులో 14 క్లబ్బుల దాకా ఉండొచ్చు. ఐరన్ అనే క్లబ్బు ముఖం మీది గాడిలో మట్టి ఇరుక్కుంటే బంతికి స్పిన్ సరిగ్గా రాదు కాబట్టి కొట్టిన ప్రతిసారీ తడిసగంతో తుడిచి, పొడిసగంతో ఆర్చి ఇస్తారు. ఇంత పనిలో హుక్కు విప్పి, తగిలించి, మళ్లీ విప్పే తీరిక ఎవరికుంది? హుక్కులన్నీ పోగై క్యాడీ మాస్టర్ సొరుగులో పడి ఉన్నాయి.

వాళ్లలో ఒకతను అడిగాడు, "రింగు వద్దక్కా, నడుమ చిన్న చీలిక పెట్టియ్యండి" అని. అడిగినప్పుడు నాకు పెద్దగా నమ్మకం కలగలేదు. మా టైలర్ ఐలెట్లు పోయిన మూలలు కత్తిరించి అంచు కుట్టి, మధ్యలో జానెడు చీలిక తీసి దాని చుట్టూ గట్టిగా ఓవర్‌లాక్ చేశాడు. ఆ చీలికలోంచి డ్రైవర్ అనే పెద్ద క్లబ్బు తల దూర్చితే టవల్ బ్యాగు మీద రెండువైపులా వేలాడుతుంది. లాగితే వచ్చేస్తుంది, లోహం ముక్క అక్కర్లేదు. కార్ట్ తీసుకునే గెస్టుల కోసం కొన్నిటికి నూలు నాడాతో లూప్ కుట్టించాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా సంతోషం కలిగించింది ఈ చీలికే. కండెమ్‌కి పోవాల్సిన టవళ్లలో చాలావాటికి ఇంకో జన్మ వచ్చింది.

ఆ ఊపులో తర్వాతి ఆర్డర్‌కి వాఫెల్ నేత (చిన్న చిన్న గళ్ల గుంటలుండే నేత) టవళ్లు, ముదురు బూడిద రంగులో, చీలికతోనే నేయించి తెప్పించాను. తెలిసినవాళ్లందరికీ వాటిని తెగ పొగిడాను. పల్చన, త్వరగా ఆరతాయి, దారప్పోగులు రాలవు, మరక కనపడదు. ఇవన్నీ ఇప్పటికీ నిజమే. అయితే వాడగా వాడగా ఇంకొన్ని కనిపించాయి. ఉతుకుతుంటే ఇవి ఒకపక్కకి లాగినట్టు కుంచించుకుపోయి నలుచదరం తప్పుతాయి, మడత పెడితే మూలలు కలవవు. రంగు బట్ట కాబట్టి తెల్లవాటితో కలపడానికి లేదు, విడిగా లోడ్ నిండేదాకా ఆగాలి. దాంతో మూడు సెట్ల స్టాక్ చాలక నాలుగో సెట్ కొనాల్సొచ్చింది. ఎవరో తొందరలో ఒకసారి క్లోరిన్ పోశారు, ఆ లాట్ మీద ఎర్రటి మచ్చలు తేలాయి. పెద్ద మెంబర్లలో కొందరైతే వాటిని వేలితో పట్టుకుని "ఇదేంటి, న్యాప్‌కినా?" అంటారు. వాళ్ల దృష్టిలో టవల్ అంటే మందంగా ఉండాలి. అందుకే ఇప్పుడు క్యాడీలకి వాఫెల్, మెంబర్ల లాకర్ల దగ్గర తెల్ల టెర్రీ.

మైక్రోఫైబర్ సంగతి చాలామంది అడుగుతారు. లోగో ప్రింట్ దాని మీద వచ్చినంత చక్కగా నూలు మీద రాదు, నిజమే. కానీ హోటల్ డ్రైయర్ వేడికి అది దెబ్బతింటుంది, నూలు బట్టలతో కలిపి ఉతికితే దారప్పోగులన్నీ తనకే పట్టించుకుంటుంది. దానికి విడిగా ఉతికే ఏర్పాటు ఉన్నవాళ్లు చూసుకోవచ్చు. లోగో ఎంబ్రాయిడరీ కావాలంటే మాత్రం ముందు ఉతికి కుదించిన బట్ట మీదే కుట్టమనండి. లేకపోతే బట్ట కుంచించుకుపోతుంది, పాలియెస్టర్ దారం కుంచించుకోదు, లోగో చుట్టూ ముడతలు పడి కూర్చుంటాయి.

ఐలెట్ అసలే వద్దా అంటే, మా పరిస్థితిలో వద్దు. మా దగ్గర క్యాడీలున్నారు, ఎర్రమట్టి ఉంది, అన్ని బట్టలూ తిరిగే ఒకే లాండ్రీ ఉంది. క్యాడీలు లేకుండా ట్రాలీ మీద బ్యాగు లాక్కెళ్లి ఆడే క్లబ్బు, టవళ్లు బయట ఉతికించే చోటు అయితే హుక్కు అవసరం పడొచ్చు. అప్పుడు కూడా ముందు నాడా లూప్ అడిగి చూడండి. రింగే కావాలంటే శాంపిల్‌కి అయస్కాంతం పెట్టి చూసి, మీ లాండ్రీలో మీరు వాడే మందులతోనే ఒక పది ఉతుకులు వేయించి, తడిగా ఒక రాత్రి తెల్లబట్టలో చుట్టి పెట్టండి. సప్లయర్ పంపే కొత్త శాంపిల్ చూసి ఆర్డర్ ఇవ్వకండి, కొత్తగా ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి.

మార్కెటింగ్ వాళ్లు మళ్లీ ఐలెట్ టవళ్లు అడిగారు, వచ్చే టోర్నమెంట్‌లో గిఫ్ట్ బ్యాగుల్లో పెట్టడానికట. సరేనన్నాను. ఇంటికి పట్టుకెళ్లేదానికి నాకేం అభ్యంతరం? ఇండెంట్ (సరుకు కోరే కాగితం) మీద మాత్రం "లాండ్రీకి రాకూడదు" అని ఎర్ర ఇంకుతో రాసి సంతకం పెట్టాను.